అటక మీద దొరికిన క్యాసెట్ వీడియో గేమ్: ఎల్‌ఈడీ టీవీలో బొమ్మ వస్తోంది, గన్ను మాత్రం పనిచేయట్లేదు

#1 తెనాలి_చిన్నోడు

అందరికీ నమస్కారం. అమ్మావాళ్లింట్లో సున్నాలు వేయిస్తుంటే అటక మీద నుంచి మా పాత వీడియో గేమ్ బయటపడింది. ఎరుపూ తెలుపూ రంగు, పైనుంచి క్యాసెట్ గుచ్చే రకం. కంపెనీ స్టిక్కరు ఊడిపోయింది. దాంతోపాటు రెండు రిమోట్లు, ఒక గన్ను, మూడు క్యాసెట్లు, బరువైన నల్ల ఎలిమినేటరు (కరెంటు అడాప్టరు) ఉన్నాయి. క్యాసెట్లలో ఒకటి కాంట్రా, ఒకటి 52 గేములది, మూడోదాని మీద 9999999 అని రాసుంది.

పసుపు, ఎరుపు పిన్నులున్న వైరు ఎల్‌ఈడీ టీవీకి పెడితే మారియో వచ్చింది! కానీ బొమ్మ మసకగా ఉంది, అప్పుడప్పుడు గళ్లుగళ్లుగా అక్షరాలు పడి ఆగిపోతోంది. గన్నుతో బాతుల ఆట అసలు ఆడలేకపోతున్నాం. ట్రిగ్గర్ నొక్కగానే స్క్రీన్ మెరుస్తుంది, కుక్క బయటికొచ్చి నవ్వుతుంది, అంతే. మా పాప "నాన్నా, నీకు కాల్చడం రాదా" అంటోంది. గన్ను పాడైందా, ఇంకేదైనా కారణమా? తెలిసినవాళ్లు చెప్పండి.

#2 కోటి_సోల్డర్

తమ్మీ, గన్ను సంగతి తర్వాత. ముందుగాల ఆ ఎలిమినేటర్ పక్కన పెట్టు. పాత ట్రాన్స్‌ఫార్మర్ ఎలిమినేటర్ల మీద 9 వోల్టులని రాసి ఉన్నా, లోడ్ లేకుండా కొలిస్తే 12, 13 కూడా చూపిస్తయి. లోపల కెపాసిటర్ ఎండిపోయి ఉంటే హమ్ వస్తది, బొమ్మలో అడ్డ పట్టీలు పారుతయి.

కొత్త అడాప్టర్ కొనేముందు మల్టీమీటర్‌తో పాతదాని పిన్ను చూడు. మధ్యలో ప్లస్సా, మైనస్సా? ఈ డబ్బాలకు మూలం జపాన్ నింటెండో కంపెనీ ఫామికామ్, దానికి మధ్యలో మైనస్. మన దగ్గర అమ్మిన డబ్బాల్లో రెండు రకాలూ ఉన్నయి. తిరగేసి పెడితే పొగ వచ్చుడే. లోపల 7805 అనే మూడు కాళ్ల రెగ్యులేటర్ ఉంటది, అది 5 వోల్టులకు దించుతది. అల్యూమినియం రేకుకు బిగించి ఉంటే మంచిదే. రేకు లేకపోతే గంటసేపు ఆడినంక చెయ్యి పెట్టకు, కాలుతది.

గళ్లు పడుడు క్యాసెట్ మురికి. దాని గురించి వేరేవాళ్లు చెప్తరులే, నాకు షాపు తీసే టైమైంది.

#3 ఫ్రేమ్_బై_ఫ్రేమ్

గన్ను పాడవలేదండి. దాన్ని పాత గాజు టీవీ కోసం చేశారు, ఎల్‌ఈడీతో పనిచేయదు.

గన్నులోంచి ఏమీ బయటికి పోదు. దాని మూతి లోపల వెలుతురు చూసే ఒక చిన్న సెన్సర్ ఉంటుంది. మీరు ట్రిగ్గర్ నొక్కగానే ఆట ఒక్క ఫ్రేమ్‌పాటు (టీవీ ఒకసారి బొమ్మ వేసేంత సేపు) స్క్రీన్ మొత్తం నల్లగా చేస్తుంది. ఆ తర్వాతి ఫ్రేమ్‌లో బాతు ఉన్నచోట తెల్ల చతురస్రం వేస్తుంది. నలుపులో వెలుతురు కనబడకుండా, తెలుపు వేసినప్పుడే కనబడితే తగిలినట్టు లెక్క. రెండు బాతులుంటే ఒకదాని తర్వాత ఒకటి రెండు ఫ్రేములు. మీకు కనబడే ఆ మెరుపు ఇదే.

గాజు టీవీలో సిగ్నల్ వచ్చిన క్షణానే ఎలక్ట్రాన్ పుంజం ఆ గీతను వెలిగిస్తుంది, ఆలస్యం అనేదే లేదు. ఎల్‌ఈడీ టీవీ ముందు ఆ బొమ్మను పట్టుకుని, సాగదీసి, నునుపు చేసి, అప్పుడు చూపిస్తుంది. ఈలోపు రెండు మూడు ఫ్రేములు దాటిపోతాయి. తెల్ల చతురస్రం వచ్చిందనుకుని ఆట గన్నును అడిగే సమయానికి మీ టీవీలో ఇంకా పాత బొమ్మే ఉంటుంది. దాంతో గురి తప్పినట్టే. పాపకు చెప్పండి, నాన్న గురి బాగానే ఉంది, టీవీయే నిదానం.

#4 పీఎస్5_పవన్

ఇంత అవస్థ ఎందుకు బ్రో? ఫోన్‌లో ఎమ్యులేటర్ (పాత మెషీన్‌లా నటించే యాప్) వేసుకుంటే ఈ ఆటలన్నీ పది నిమిషాల్లో వచ్చేస్తాయి. సేవ్ కూడా చేసుకోవచ్చు. ఎలిమినేటర్లు, పొగ, మల్టీమీటర్... పాత సామాన్లు పాత సామాన్లే.

#5 రెండో_ప్లేయర్

పవన్ గారూ, ఫోన్‌లో ఇద్దరు పక్కపక్కన కూర్చుని కాంట్రా ఎలా ఆడతారో చెప్పండి.

మా ఇంట్లో నేనెప్పుడూ రెండో రిమోటే. మొదటిది అన్నయ్యది, దానికి హక్కు పత్రం ఉన్నట్టు మాట్లాడేవాడు. కాంట్రాలో నాకు ఎర్ర ప్యాంటు మనిషి. మూడో స్టేజీ జలపాతం గుర్తుందా? స్క్రీన్ పైకి జరిగేది. ఒకడు ముందు ఎగబాకితే కింద మిగిలినవాళ్లు స్క్రీన్ అంచున పడి చచ్చిపోతారు. అన్నయ్య ఎస్ గన్ (గుళ్లు విసనకర్రలా చిమ్మేది) కనబడగానే పైకి దూకేవాడు, నేను కింద పోయేదాన్ని. 30 ప్రాణాల్లో సగం ఆ జలపాతానికే ఇచ్చాను. ఇప్పటికీ రాఖీ పండక్కి ఆ మాట ఎత్తుతాను.

#6 మారియో_మామ

హహ, జలపాతం దగ్గర మా ఇంట్లో రిమోట్ వైరు తెగింది. మేం ఆ స్టేజీకి ఒక ఒప్పందం పెట్టుకున్నాం: ఇద్దరూ ఒకే మెట్టు మీదికి వచ్చాకే తర్వాతి దూకుడు. రెండు మెట్ల వరకు పాటించేవాళ్లం.

ఆ 30 ప్రాణాలిచ్చే కోడ్ అందరికీ గుర్తుందా? పైన పైన, కింద కింద, ఎడమ కుడి, ఎడమ కుడి, బీ, ఏ. ఇద్దరైతే సెలెక్ట్ నొక్కి అప్పుడు స్టార్ట్. మా వీధిలో దీన్ని చీటీ మీద రాసి గోలీలకు అమ్మినవాడున్నాడు.

#7 ఫ్రేమ్_బై_ఫ్రేమ్

ఆ కోడ్ కాంట్రా కోసం పుట్టింది కాదు. కాంట్రా చేసిన కొనామీ కంపెనీలో కజుహిసా హషిమొటో అనే ఆయన 1986లో గ్రేడియస్ ఆటను ఫామికామ్‌కు మారుస్తున్నప్పుడు పెట్టుకున్నారు. పరీక్షించడానికి ఆట మొత్తం ఆడాలి, అది మరీ కష్టంగా ఉంది, అందుకని అన్ని ఆయుధాలూ ఒకేసారి వచ్చే అడ్డదారి పెట్టుకున్నారు. అది అలాగే క్యాసెట్‌లో ఉండిపోయింది. 2020 ఫిబ్రవరిలో ఆయన చనిపోయినప్పుడు ప్రపంచమంతా ఆ కోడే టైపు చేసి నివాళి ఇచ్చింది.

#8 డాలస్_నుంచి

నేను గుంటూరులో పెరిగి ఇప్పుడు డాలస్‌లో ఉంటున్నాను. ఇక్కడ ఆఫీసులో నా వయసు అమెరికన్లతో ఈ కబుర్లు పెడితే ఒక వింత ఎదురైంది. మారియో తెలుసు, కాంట్రా తెలుసు, బాతుల ఆట తెలుసు. ట్యాంకు గేమ్ అంటే మాత్రం ఒక్కడికీ తెలియదు! అదే, బ్యాటిల్ సిటీ. ఇటుక గోడలు, కింద మధ్యలో గద్ద, పైనుంచి వచ్చే ట్యాంకులు. మనకి అది లేని క్యాసెట్టే ఉండేది కాదు కదా? సర్కస్ చార్లీ కూడా తెలియదన్నారు. రెండు పెంగ్విన్లు అద్దంలో బొమ్మల్లా ఎదురెదురుగా నడిచే ఆటా తెలియదు.

ఇంకోటి. మా బావమరిది ఊరి నుంచి తన పాత క్యాసెట్లు తెస్తే ఇక్కడ కొన్న నింటెండో మెషీన్‌లో దూరలేదు. సైజే వేరు. ఎందుకలా?

#9 రోమ్_రాజు

ఈ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నా. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మనం ఆడింది అమెరికా నింటెండోకి నకలు కాదు, జపాన్ ఫామికామ్‌కు నకలు. ఫామికామ్ జపాన్‌లో 1983 జులై 15న 14,800 యెన్లకు వచ్చింది. అదే యంత్రాన్ని 1985లో అమెరికాకు తీసుకెళ్లేటప్పుడు వీసీఆర్‌లా కనబడే పెట్టెలో పెట్టి, క్యాసెట్ పిన్నులు 60 నుంచి 72కి పెంచారు. లోపల ఒక తాళం చిప్ కూడా పెట్టారు. మెషీన్‌లో ఒకటి, క్యాసెట్‌లో ఒకటి, రెండూ మాట్లాడుకుంటేనే ఆట మొదలవుతుంది. జపాన్ యంత్రంలో ఆ తాళం లేదు. తైవాన్, హాంకాంగ్, చైనా వర్క్‌షాపులకు ఏది సులువో వేరే చెప్పాలా? అందుకే మన క్యాసెట్లన్నీ 60 పిన్నులవి, డాలస్ మెషీన్‌లో దూరవు. మధ్యలో పెట్టే కన్వర్టర్లు దొరుకుతాయి.

ఇప్పుడు ట్యాంకు గేమ్. నామ్‌కో 1985లో చేసిన బ్యాటిల్ సిటీ ఫామికామ్‌కు జపాన్‌లో మాత్రమే వచ్చింది, అమెరికా మెషీన్‌కు అధికారికంగా రాలేదు. సర్కస్ చార్లీ ఫామికామ్ రూపం, మీరన్న పెంగ్విన్ల ఆట బైనరీ ల్యాండ్, రెండూ అంతే. వాటిని జపాన్ పిల్లలు ఆడారు, మనం ఆడాం, రష్యాలో ఇలాంటి నకలు మెషీన్ మీద అక్కడి పిల్లలు ఆడారు. అమెరికావాళ్లకి అందలేదు.

మరి ఆ పాత ఆటలే ప్రతి క్యాసెట్‌లో ఎందుకు? సైజు వల్ల. ఆ ప్రాసెసర్ క్యాసెట్‌లోని ప్రోగ్రాం ఒకేసారి 32 కేబీ మాత్రమే చూడగలదు. బొమ్మలకు ఇంకో 8 కేబీ. మొదటి రెండు మూడేళ్ల ఆటలన్నీ ఈ కొలతలో ఇమిడిపోయేవి. బ్యాటిల్ సిటీ మొత్తం 24 కేబీ. సూపర్ మారియో 40 కేబీ, అంటే 32 ఎపిసోడ్లు, సంగీతం, రాకుమారి, అంతా కలిపి. ఈరోజు పొద్దున మీకు వాట్సాప్‌లో వచ్చిన గుడ్ మార్నింగ్ గులాబీ పువ్వు దానికన్నా పెద్దది.

అంతకన్నా పెద్ద ఆటకు క్యాసెట్‌లోనే అదనపు సర్క్యూట్ కావాలి. అది ముక్కలను మార్చి మార్చి ప్రాసెసర్‌కు చూపిస్తుంది. అమెరికా కాంట్రా 128 కేబీ. అంటే ఒక కాంట్రా పట్టే చోట ఐదు బ్యాటిల్ సిటీలు పడతాయి. చవకగా "వంద గేములు" అని రాయాలనుకునేవాడు ఏవి ఎంచుకుంటాడు? చిన్నవే. మన చిన్ననాటి ఆటల జాబితా రాసింది ఆ కిలోబైట్లే.

#10 తెనాలి_చిన్నోడు

అద్భుతం అండి. అయితే నా 9999999 క్యాసెట్ సంగతేంటి? పాప కూర్చుని లెక్కపెట్టింది, పదికి మించి వేరే ఆటలు లేవంటోంది.

#11 మారియో_మామ

మిగిలినవన్నీ అవే ఆటలు, పేర్లు మార్చి. ఒకటి మారియో, ఇంకోటి మూడో ప్రపంచంలో మొదలయ్యే మారియో, మరొకటి ఎత్తుగా ఎగిరే మారియో. ట్యాంకు గేముకైతే పేర్లే పేర్లు. షాపులో మెనూ పేజీలు తిప్పి చూపించేవాడు, మనం కళ్లు పెద్దవి చేసుకునేవాళ్లం.

పాపకు ఒక ట్రిక్ నేర్పండి. 3-1 (మూడో ప్రపంచం మొదటి స్టేజీ) చివర మెట్ల మీద దిగివచ్చే తాబేలును సరైన చోట తొక్కితే చిప్ప మెట్టుకు తగిలి తిరిగొస్తూ ఉంటుంది, మారియో దాని మీదే ఎగురుతూ ప్రాణాలు పోగేసుకుంటాడు. కానీ 127 దాటనివ్వకండి. ఆ సంఖ్య దాటితే ఆట దాన్ని మైనస్ అనుకుంటుంది, తర్వాత ఒక్కసారి చచ్చినా గేమ్ ఓవర్. అత్యాశ పనికిరాదు.

#12 పీఎస్5_పవన్

సరే, ఆసక్తిగానే ఉంది. కానీ ఒక మాట. మనం ఆడినవన్నీ నకలు మెషీన్లు, నకలు క్యాసెట్లు. పాపం ఆ ఆటలు చేసినవాళ్లకు ఒక్క రూపాయి పోలేదు. దాన్ని ఇంత గొప్పగా చెప్పుకోవడం కొంచెం ఇబ్బందిగా లేదా?

#13 రోమ్_రాజు

ఇబ్బంది ఉంది, కాదనను. కానీ అప్పుడు అసలుది కొనే దారి ఏముంది? ఒక ఉదాహరణ: 1995లో షా వాలెస్ కంపెనీ సెగా మెగా డ్రైవ్ అనే గేమ్ మెషీన్‌ను మన దేశంలో అధికారికంగా అమ్మింది. ధర 18,000 రూపాయలు. బయటి నుంచి తెస్తే దిగుమతి సుంకమే 80 శాతం ఉండేది. ఆ రోజుల్లో 18 వేలంటే మా నాన్న జీతం ఎన్ని నెలలది కూడబెట్టాలో మీరే లెక్కేసుకోండి. నకలు మెషీన్ అందులో పదో వంతుకు కూడా తక్కువే. సుంకం వేసినవాళ్లు ఒక పరిశ్రమను కాపాడుతున్నాం అనుకున్నారేమో, కాపాడటానికి ఇక్కడ ఆటల యంత్రాలు చేసేవాళ్లే లేరు. లాభపడింది చెన్నైలో విదేశీ సరుకు అమ్మే బర్మా బజారు.

యంత్రం మీద పేటెంట్ల గడువు తీరిపోయింది కాబట్టి ఇప్పుడు అలాంటి మెషీన్ చేయడం నేరం కాదు. ఆటల కాపీరైట్ మాత్రం ఇంకా అలాగే ఉంది. పవన్ చెప్పిన ఎమ్యులేటర్‌కూ ఇదే వర్తిస్తుంది. ప్రోగ్రాం తప్పు కాదు, డౌన్‌లోడ్ చేసుకునే ఆటలతోనే పేచీ.

#14 నెల్లూరు_సుధ

బర్మా బజారు పేరెత్తారు! మా పెదనాన్న చెన్నై వెళ్తే చాలు, నాకూ చెల్లికీ క్యాసెట్ల చీటీ సిద్ధం. ఆయన చీటీ షాపువాడికి ఇస్తే, వాడు లేనిది కూడా ఉందని ఇచ్చేవాడు. కాంట్రా 6 అని తెచ్చారొకసారి. ఇంటికొచ్చి పెడితే కాంట్రాకు సంబంధమే లేని ఏదో ఆట. తిరిగివ్వడానికి మళ్లీ చెన్నై పోవాలి కదా, అందుకని దాన్నే ఇష్టపడటం నేర్చుకున్నాం.

ఒక సందేహం: అసలు కాంట్రా మంచు స్టేజీలో మీకు మంచు కురిసేదా? మా ఇంట్లో కురిసేది కాదు. చుట్టాలింట్లో కురిసేదని వాళ్లబ్బాయి కోతలు కోసేవాడు.

#15 ఫ్రేమ్_బై_ఫ్రేమ్

కోతలు కాకపోవచ్చు సుధ గారూ. జపాన్ కాంట్రాలో కొనామీ సొంత చిప్ ఒకటి ఉంటుంది, దానివల్ల మంచు కురుస్తుంది, మొదటి స్టేజీలో చెట్లు ఊగుతాయి, స్టేజీల మధ్య మ్యాప్ వస్తుంది. అమెరికా రూపంలో అవేవీ లేవు. మీ ఇంట్లో ఉన్నది అమెరికాదాని నకలు, చుట్టాలింట్లోది జపాన్‌దాని నకలు అయ్యుంటుంది. యూరప్‌లో ఇంకా తమాషా, మనుషుల్ని కాల్చడం బాగోదని మనుషుల బదులు రోబోలను పెట్టి ప్రోబోటెక్టర్ పేరుతో అమ్మారు.

ఇంకో విషయం ఎవరూ గమనించినట్టు లేరు. మనం ఆడిన వేగం అసలు వేగం కాదు. జపాన్, అమెరికా టీవీలు సెకనుకు 60 సార్లు బొమ్మ వేస్తాయి. మన దేశంలో వాడే పాల్ పద్ధతి టీవీలు 50 సార్లు. ఆట లెక్కంతా ఫ్రేముల మీదే నడుస్తుంది కాబట్టి 50 హెర్ట్జ్ మెషీన్‌లో మారియో ఆరో వంతు నెమ్మదిగా పరిగెత్తుతాడు, సంగీతం కూడా సాగుతుంది.

#16 డాలస్_నుంచి

ఓ! ఇక్కడ మొదటిసారి మారియో పెట్టినప్పుడు "ఇదేంటి తరుముతున్నట్టు పాడుతోంది" అనుకున్నాను. నా వయసైపోయిందేమో అని దిగులుపడ్డాను కూడా. మొదటి గుంటలోనే పడ్డాను.

#17 రెండో_ప్లేయర్

అయితే నిజం వేగంతో ఆడి ఉంటే అన్నయ్య జలపాతం కూడా ఎక్కేవాడు కాదన్నమాట. ఈ పోస్టు స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడుతున్నా.

#18 కోటి_సోల్డర్

షాపు కట్టేసి వచ్చిన. క్యాసెట్ సంగతి ఎవరూ చెప్పలే.

ఊదకుర్రి. చిన్నప్పుడు అందరం ఊదినం, పనిచేసినట్టే అనిపించింది. నిజానికి తీసి మళ్ల పెట్టినందుకు పిన్నులు సరిగ్గా కుదిరి పనిచేసేది. నోటి తడి రాగి పిన్నులకు పట్టి పచ్చగా తుప్పు చేస్తది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చి, చెవి పుల్లకు ముంచి, క్యాసెట్ పిన్నులు రెండు వైపులా తుడువు. మరీ నల్లగా ఉంటే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దు, గట్టిగా రుద్దితే పూత పోతది. ఆరినంక పెట్టు. మెషీన్ లోపలి స్లాట్‌కు కూడా మురికి ఉంటది. తుడిచిన క్యాసెట్‌నే కొంచెం ఆల్కహాల్ తడితో పవర్ లేకుండా నాలుగుసార్లు గుచ్చి తీయి.

క్యాసెట్ విప్పితే మధ్యలో నల్ల తారు బొట్టు కనబడతది. దాని కింద చిప్ ఉంటది. అది పోతే ఎవ్వరూ రిపేర్ చేయలేరు, నా దగ్గరికి తీసుకురావద్దు. మిగతాది ఏదైనా చూద్దాం. రిమోట్ బటన్ పనిచేయకపోతే లోపలి నల్ల రబ్బరు ప్యాడ్ అరిగి ఉంటది. హైదరాబాద్‌ల కోటి గుజరాతీ గల్లీలో అడిగితే దొరకొచ్చు, లేకపోతే పాత టీవీ రిమోట్ ప్యాడ్ కోసి అతికిస్త.

మసక బొమ్మకు: ఆన్‌లైన్‌లో ఏవీ (ఆ పసుపు, ఎరుపు పిన్నులది) నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న డబ్బా దొరుకుతది. కొనేటప్పుడు జాగ్రత్త, హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చేది కూడా చూడనీకి అట్లనే ఉంటది. వారానికి ఒక్కరైనా తప్పుది కొనుక్కొని నా దగ్గరికి వస్తరు. సరైనది కొన్నా బొమ్మ కొంచెం తేరుకుంటది గానీ, రిమోట్ నొక్కినదానికీ మారియో ఎగిరేదానికీ మధ్య ఆలస్యం పోదు. గన్నుకైతే అస్సలు పనికిరాదు.

#19 వైజాగ్_పీఎస్2

క్యాసెట్ల వయసు నాది కాదు. మా తరానికి పీఎస్2, అంటే సోనీ ప్లేస్టేషన్ 2. డాబాగార్డెన్స్ దగ్గర ఒక షాపులో గంటల లెక్కన ఆడేవాళ్లం, శనివారం మధ్యాహ్నం క్యూ ఉండేది. మెమొరీ కార్డు ఎవడిది వాడే జేబులో పెట్టుకొచ్చేవాడు. 2000లో వచ్చిన మెషీన్‌ను సోనీ పన్నెండేళ్లకు పైగా చేస్తూనే ఉంది, మొత్తం 16 కోట్లకు పైగా అమ్మింది. వేరే ఏ కన్సోలూ అన్ని అమ్ముడుపోలేదు.

ఈ చర్చలో హైదరాబాదువాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. పీఎస్2కి హనుమాన్: బాయ్ వారియర్ అనే ఆట వచ్చింది, గుర్తుందా? 2009. చేసింది హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్, విడుదల చేసింది సోనీ. మన దేశంలో పూర్తిగా తయారైన తొలి ప్లేస్టేషన్ ఆట అని ప్రచారం చేశారు. ఎవరైనా ఆడారా?

#20 కోటి_సోల్డర్

డిస్క్ చూసిన, ఆడలే. మా దగ్గరికి వచ్చే పిల్లలు గాడ్ ఆఫ్ వార్ అడిగేది.

#21 నెల్లూరు_సుధ

నేను ఆడాను! మా తమ్ముడి కోసం కొన్నాం. నిజం చెప్పనా, ఆట పరంగా సాదాసీదాగా ఉంది. అప్పటికే గాడ్ ఆఫ్ వార్ చూసిన కళ్లకు కదలికలు మొద్దుగా అనిపించాయి, కెమెరా ఎటో తిరిగేది. కానీ గద పట్టుకున్న బాల హనుమంతుడు ప్లేస్టేషన్ డిస్క్ మీద ఉంటే మా నానమ్మ కూడా వచ్చి కూర్చుని చూసింది. అమెరికాలో ఒక హిందూ సంఘం ఆయన, దేవుణ్ణి బటన్లతో ఆడించడమేంటని అభ్యంతరం కూడా చెప్పారు. మా నానమ్మకు అలాంటి అభ్యంతరాలేవీ లేవు. లంకకు ఎప్పుడు వెళ్తాడు అని మాత్రమే అడిగేది.

#22 రోమ్_రాజు

ఆ ఆటను చాలామంది ఎగతాళి చేస్తారు, నాకది న్యాయం అనిపించదు. పీఎస్2 మీద ప్రోగ్రాం రాయడం ఎంత కష్టమో పెద్ద పెద్ద స్టూడియోలే చెప్పుకున్నాయి. ముఖ్య ప్రాసెసర్ పక్కన రెండు వెక్టర్ యూనిట్లు ఉంటాయి, వాటికి పని పంచడం రాకపోతే మెషీన్ సగం బలం వృథా. ఇక్కడ అంతకుముందు కన్సోల్ ఆట పూర్తిగా చేసిన అనుభవం ఉన్నవాళ్లు ఎంతమంది? తొలి ప్రయత్నాన్ని గాడ్ ఆఫ్ వార్ చేసిన, పదేళ్ల అనుభవం ఉన్న శాంటా మోనికా స్టూడియో పక్కన పెట్టి కొలుస్తున్నాం.

#23 పీఎస్5_పవన్

న్యాయమైనా కాకపోయినా డబ్బు పెట్టి కొనేవాడు పక్కనే పెట్టి కొలుస్తాడు కదా రాజు గారూ. షెల్ఫులో రెండు డిస్కులూ ఒకే చోట ఉంటాయి. మన భాష, మన కథ అన్న కారణం మొదటిసారి కొనడానికి సరిపోతుంది. రెండోసారి ఆడటానికి ఆట బాగుండాలి. 2020లో పుణె స్టూడియో చేసిన రాజీ ఆట నేను రెండుసార్లు ఆడాను, ఎవరూ జాలిపడమని అడగలేదు.

#24 రోమ్_రాజు

రాజీ బాగుంది, ఒప్పుకుంటా. కానీ రెండింటి మధ్య పదకొండేళ్లున్నాయి. ఈలోపు ఆటలు తయారుచేయడానికి వాడే యూనిటీ, అన్‌రియల్ లాంటి రెడీమేడ్ ఇంజిన్లు చిన్న జట్లకు కూడా అందాయి. హనుమాన్ చేసినవాళ్లకు ఆ సదుపాయం ఎక్కడిది? ఈ విషయంలో మనిద్దరికీ కుదరదు, వదిలేద్దాం.

#25 తెనాలి_చిన్నోడు

ప్రోగ్రెస్ రిపోర్ట్. కోటి అన్న చెప్పినట్టు పాత ఎలిమినేటర్ కొలిచాను, 13.4 చూపించింది! మధ్యలో ప్లస్. 9 వోల్టుల కొత్త అడాప్టర్ తెచ్చాను, పట్టీలు పోయాయి. క్యాసెట్లు తుడిచాను, చెవి పుల్ల బొగ్గులా నల్లగా వచ్చింది. 52 గేముల క్యాసెట్ ఇప్పుడు ఆగకుండా నడుస్తోంది. కాంట్రా మాత్రం ఐదో స్టేజీలో ఒక్కోసారి బిగుసుకుపోతోంది. మంచు కురవట్లేదు సుధ గారూ, మాదీ అమెరికా నకలే.

గన్ను కోసం మా పిన్నివాళ్లింట్లో మేడ మీద గదిలో ఉన్న 21 అంగుళాల డబ్బా టీవీ అడిగాను. ఇద్దరం మోసుకొచ్చేసరికి నడుం పట్టేసింది. ఏవీ పిన్ను దాని వెనకాల విరిగి ఉంది, అందుకని యాంటెన్నా పిన్నుకు పెట్టే ఆర్‌ఎఫ్ వైరు పెట్టి ఛానల్ ట్యూన్ చేశాను. బాతులు పడుతున్నాయి! పాపకు మొదటి రౌండ్‌లో ఎనిమిది, నాకు ఐదు. ఇప్పుడు టీవీకి ఆనుకునేంత దగ్గరగా నిలబడి కాలుస్తోంది, అది మోసమా కాదా అని ఇంట్లో చర్చ.

#26 మారియో_మామ

మోసమే, కానీ మనమంతా చేసిందే.

#27 ఫ్రేమ్_బై_ఫ్రేమ్

సంతోషం అండి. తెరిచి చూడాలనిపించినా ఆ టీవీ వెనక మూత మాత్రం విప్పకండి. ప్లగ్గు తీసినా గాజు గొట్టంలో వేల వోల్టులు నిలిచి ఉంటాయి. ఏవీ పిన్ను కావాలంటే తెలిసిన మెకానిక్‌తోనే చేయించండి.

#28 రెండో_ప్లేయర్

నాకొక సాయం కావాలి. ఇదంతా చదివి ఆన్‌లైన్‌లో "పదివేల ఆటలు" అని ఉన్న ఒక హెచ్‌డీఎంఐ స్టిక్ కొన్నాను, రెండు వైర్‌లెస్ రిమోట్లతో. ఆటలు వస్తున్నాయి గానీ, దూకు నొక్కితే మనిషి ఆలోచించి దూకుతున్నాడు. రెండో రిమోట్ నొక్కితే ఒక్కోసారి మొదటివాడు కదులుతున్నాడు. అమ్మినవాళ్లేమో వెనక్కి తీసుకోం అంటున్నారు. ఏమైనా చేయొచ్చా?

#29 రోమ్_రాజు

ముందు టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఆన్ చేయండి. ఆలస్యంలో సగం అక్కడే పోతుంది. రిమోట్లకు కొత్త బ్యాటరీలు వేసి, వాటి సిగ్నల్ అందుకునే డాంగిల్‌ను టీవీ వెనక దాచకుండా చిన్న యూఎస్‌బీ వైరుతో ముందుకు తీసుకురండి. స్టిక్‌తో వచ్చే మెమొరీ కార్డు నాసిరకంది, ఎప్పుడైనా పోవచ్చు, ఇవాళే కంప్యూటర్‌లో కాపీ తీసి పెట్టుకోండి. రెండు రిమోట్లు కలిసిపోవడానికి మాత్రం మందు లేదు. వైరున్న యూఎస్‌బీ రిమోట్లు ఆ స్టిక్ ఒప్పుకుంటే అవే పెట్టుకోండి.

#30 రెండో_ప్లేయర్

గేమ్ మోడ్‌తో చాలా మెరుగైంది, థాంక్స్ అండి. మొదటి రిమోట్ నాదే. అన్నయ్య ఆదివారం వస్తున్నాడు.

#31 కోటి_సోల్డర్

తెనాలి తమ్మీ, నీ కాంట్రా కొరియర్ చెయ్, చూస్త. ఐదో స్టేజీలో బిగుసుకుంటుందంటే అదనపు చిప్ కాలు దగ్గర సోల్డర్ పగిలి ఉండొచ్చు. తారు బొట్టు రకమైతే అట్లనే వాపస్ పంపిస్త, పైసలొద్దు. కొరియర్ ఖర్చు నీదే.

#32 తెనాలి_చిన్నోడు

రేపే పంపుతాను అన్నా. మీ షాపు చిరునామా మెసేజ్‌లో పెట్టండి.